పాడని సంగీతం మేస్టారు

సాలూరులో త్రినాథం అనే సంగీతం మేస్టారు ఉండేవాడు. హార్మోనియం మీద ఆయనకు రాని పాట లేదు, నోటితో మాత్రం ఒక్కటీ పాడేవాడు కాదు.

సంగీతం గురించి చెప్పడానికి నువ్వెవరివయ్యా అని మీరు అడగవచ్చు. నేను ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. స్నానాల గదిలో సొంతంగా సాధన చేశాను. నేను రాగం ఎత్తుకోగానే మా ఆవిడ కుక్కరు కూసిందనుకుని వెళ్లి స్టవ్ ఆర్పేస్తుంది. అలాంటి నేనే రోజూ పాడుతుంటే, అంత విద్య ఉన్న త్రినాథం మేస్టారు ఎందుకు పాడడు? దానికో కారణం ఉంది.

చిన్నప్పుడు ఆయన పాడుతుంటే వీధిలో పోయేవాళ్లు సైకిల్ దిగి వినేవారు. మీసాలు మొలిచే వయసులో, మగపిల్లలందరికీ అయినట్టే, ఆ గొంతు బొంగురుపోయింది.

"కొన్నాళ్లు పాడకురా. గొంతు కుదురుకున్నాక నేను చెప్తాను, అప్పుడు మొదలెడుదువుగాని. అందాకా ఈ పెట్టె వాయించు" అని గురువుగారు హార్మోనియం ముందుకు తోశారు.

ఆ ఏడు వేసవిలోనే గురువుగారు కాలం చేశారు. మొదలెట్టమని చెప్పే మనిషి లేకుండా పోయాడు. త్రినాథం ఆగాడు. ఉద్యోగం వచ్చింది, పెళ్లయింది, జుట్టు నెరిసింది. ఇంకా ఆగే ఉన్నాడు.

ఆశ మాత్రం ఆగలేదు. కచేరీలకు వెళితే ముందు వరసలో కూర్చునేవాడు. పాడే ఆయన ఊపిరి తీసుకున్న చోటల్లా తనూ తీసుకునేవాడు. కచేరీ అయ్యేసరికి, పాడిన మనిషి కంటే పాడని మనిషికే ఎక్కువ ఆయాసం వచ్చేది. బడిలో పిల్లలు హార్మోనియం వెంట పాడుతుంటే ఆయన పెదవులు చప్పుడు లేకుండా కదిలేవి. రోజుకు ఆ ఒక్క గంట కోసమే ఆయన బతికేవాడు.

ఒక వేసవిలో సంగీతం టీచర్లందరినీ శిక్షణకు విజయనగరం పిలిపించారు. శిక్షణ ఇచ్చే గౌరీశ్వరి గారు మొదటిరోజే హార్మోనియాలూ వీణలూ ఒక గదిలో పెట్టించి తాళం వేయించింది.

"పసిపిల్లకి ముందు మాట వస్తుంది, తర్వాత అక్షరం" అంది ఆవిడ. "పాటైనా అంతే. ముందు మీరు పాడాలి, పిల్లలు విని తిరిగి పాడాలి. స్వరాల పేర్లు ఆ తర్వాత, రాత ఇంకా తర్వాత. వాయిద్యానికి తొందరేం లేదు."

స్వరాలకు చేతి గుర్తులు కూడా నేర్పింది. 'స'కి నడుము దగ్గర పిడికిలి. స్వరం పెరిగేకొద్దీ చెయ్యి పైకి వెళ్లాలి. చేతులతో చేసేదంతా త్రినాథం మేస్టారికి ఇట్టే వచ్చేసింది. పాడే వంతు వచ్చేసరికి ఆయన మెడకు మఫ్లరు చుట్టుకుని గొంతు చూపించాడు.

బొబ్బిలి నుంచి వచ్చిన ముసలినాయుడు అనే కుర్ర మేస్టారు ఊరుకోలేదు.

"ఏటి మేస్టారూ, మే నెలలో మఫ్లరు? సాలూరులో మంచు గాని కురుస్తోందా?"

"గొంతు నొప్పి నాయనా."

"అయితే ఈ కరక్కాయ ముక్క బుగ్గన పెట్టుకోండి. మా అమ్మమ్మ మందు."

ఆ మాట వినగానే మిగతా టీచర్లకు కూడా అమ్మమ్మలు గుర్తొచ్చారు. ఒకరు మిరియాల పాలు తెచ్చారు, ఒకరు శొంఠి కషాయం తెచ్చారు. లేని జబ్బుకు వచ్చిన మందులన్నీ మేస్టారు చెమటలు కక్కుకుంటూ మింగాడు. మింగుతూనే పక్కవాళ్లు పాడుతుంటే చెవి అటే పెట్టేవాడు. అపశ్రుతి పాడినవాళ్లను చూసినా ఆయనకు అసూయే. వాళ్లు పాడుతున్నారు కదా.

చివరిరోజు పరీక్ష పెట్టారు. ఒక్కొక్క టీచరూ కొత్త పిల్లలకు ఒక పాట నేర్పాలి. నేర్పగలిగినవాళ్లే బడికి తిరిగివెళ్లి సంగీతం క్లాసు తీసుకుంటారు. నేర్పలేనివాళ్లను లైబ్రరీకో ఆటల సామాను గదికో మారుస్తారు. త్రినాథం మేస్టారికి ఆ రోజు కరక్కాయ లేకుండానే గొంతు ఎండిపోయింది. ఆ క్లాసు పోతే పాట పక్కన కూర్చునే భాగ్యం కూడా పోతుంది.

సెలవులు కాబట్టి చుట్టుపక్కల వీధుల పిల్లలను మామిడి తాండ్ర ఆశపెట్టి పోగుచేశారు. మేస్టారు వాళ్ల ముందు నిలబడ్డాడు. నేర్పవలసింది చిన్న పాట, "వాన కురిసె వంగతోటలో" అని. ఆయన చేతి గుర్తులు పట్టాడు. పిల్లలు ముచ్చటగా అవే పట్టారు. ఆయన నోరు తెరిచి, అలవాటు కొద్దీ, పెదవులు మాత్రం కదిపాడు.

పిల్లలూ నోళ్లు తెరిచి పెదవులు కదిపారు. ఒక్కరి నోటా చప్పుడు లేదు. గదినిండా పిల్లలు చెరువు గట్టున పడ్డ చేపల్లా నోళ్లు తెరుస్తూ మూస్తున్నారు. ముసలినాయుడు కిసుక్కున నవ్వాడు.

మేస్టారు నవ్వలేదు. తన జీవితమంతా ఆయనకు ఆ మొహాలన్నిటి మీదా కనబడింది.

గౌరీశ్వరి గారు దగ్గరకు వచ్చి నెమ్మదిగా అంది. "పాఠం బాగానే వచ్చింది మేస్టారూ. మీరేం చేశారో వాళ్లూ అదే చేశారు."

మేస్టారు తలవంచుకుని, గురువుగారు ఆగమన్న సంగతి ఆవిడకు చెప్పాడు. "మొదలెట్టమని ఎవరూ చెప్పలేదమ్మా. మీరైనా ఒక్కమాట చెప్పండి."

"నేను చెప్పనండి" అంది ఆవిడ. "నేను చెప్తే ఈ పాటకి పాడతారు. రెండో పాటకి మళ్లీ ఎవరో ఒకరు చెప్పాలంటారు. పిల్లలు కనిపెట్టుకుని ఉన్నారు, చూడండి."

పిల్లలు నిజంగానే ఆయన నోటివంక చూస్తున్నారు. మేస్టారు మఫ్లరు తీసేశాడు. ఊపిరి తీసుకుని పాడాడు. వచ్చిన గొంతు ఎండు వెదురులా ఉంది. "వంగతోట" దగ్గర చీలింది కూడా.

పిల్లలు తిరిగి పాడారు. ఉన్నది ఉన్నట్టు, చీలికతో సహా.

మేస్టారికి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. తన గొంతుకు ఇంకో గొంతు బదులు పలకడం ఆయన అన్నేళ్లుగా వినలేదు. వాళ్ల లేత గొంతుల్లో, ఒకప్పుడు జనాన్ని సైకిళ్లు దింపిన కుర్రాడు కాసేపు వినబడ్డాడు. ఆ గొంతు ఎప్పుడు కుదురుకుందో ఆయనకు తెలియదు. కుదురుగా ఉన్న మంచికాలం ఎప్పుడు వెళ్లిపోయిందో కూడా తెలియదు. ఇప్పుడు మిగిలింది ఇదే, ఈ వెదురు గొంతు. ఆయన దానితోనే మళ్లీ పాడాడు. ఈసారి చీలలేదు. పిల్లలకూ చీలలేదు. పాట మొత్తం వచ్చేసింది.

పరీక్ష గట్టెక్కింది. పిల్లలు తాండ్ర కోసం పరుగెత్తారు. ముందు వరసలో కూర్చున్న పాప మాత్రం కదలలేదు.

"ఇంకోటి పాడండి మేస్టారూ."

"ఏ పాట అమ్మా?"

"మీకిష్టమైంది."

ఆ మాట ఆయనతో అంతవరకు ఎవరూ అనలేదు. లోపల ఇన్నేళ్లుగా మూలిగిన పాటలన్నీ ఒక్కసారే తోసుకొచ్చాయి. వాటిలో ఏది ముందో తేల్చుకోలేక మేస్టారు కళ్లు తుడుచుకున్నాడు. పాప ఓపిగ్గా కూర్చుంది. ఆయన ఎవరి వంకా చూడకుండా ఒక పాట అందుకున్నాడు.

నీతి: పిల్లలకు వచ్చేది మనం చెప్పింది కాదు, మనం చేసింది, కాబట్టి ఎవరో అనుమతి ఇస్తారని ఆగకుండా, నేర్పదలచినదాన్ని ఉన్న గొంతుతోనే ముందు మనం చేసి చూపాలి.