రాజావారి రైతు ఫోటో

గుమ్మలూరు రాజావారికి ఉన్నట్టుండి రైతు కావాలనిపించింది. దున్నాలని కాదు సుమండీ! శాసనసభ ఎన్నికలొచ్చాయి, రాజావారు పోటీకి నించున్నారు. ఓట్లున్నవాళ్ళంతా రైతులు. అందుకని అరక పట్టిన ఫోటో ఒకటి కావాలి, కరపత్రాల మీద అచ్చేయించి ఊరూరా పంచడానికి.

అప్పటికి ఊళ్ళో నారు ఎండిపోతోంది. కాలవ తూముకి రాజావారు తాళం వేయించి, నీళ్ళన్నీ తమ హంసల కొలనుకి మళ్ళించుకున్నారు మరి. అడగబోయిన రైతుల్ని దివాను పేరిశాస్త్రి గుమ్మంలోంచే గెంటేశాడు.

తాలూకా బోర్డు మెంబరు గంగయ్యా రైతే. అతని నారూ ఎండుతోంది. కడుపు మండిపోతున్నా మొహాన నవ్వు పులుముకుని దర్బారుకి వెళ్ళాడు.

"ఫోటో ఎక్కడ దిగమంటావోయ్ గంగయ్యా?" అన్నారు రాజావారు.

"కోట ముందు మడి ఉందిగా!" అన్నాడు దివాను.

"వెనకాల మేడా, ఏనుగూ కనబడితే రైతంటే ఎవడు నమ్ముతాడండీ? శివారు మడైతే మేడ కనబడదు. అక్కడ మోకాళ్ళదాకా బురదలో దిగి, దమ్ము చేస్తున్నట్టు..." అన్నాడు గంగయ్య.

"బురదా?" రాజావారు పట్టుపంచె కేసి చూసుకున్నారు.

"ఓట్లన్నీ ఆ బురదకేనండి, ప్రభూ."

అంతే! తూము తాళం ఊడింది.

"శివారు మడి తడవగానే మూసెయ్యండి" అని దివాను హుకుం.

ఆ ఊళ్ళో నీళ్ళు చేను నించి చేనుకి పారాల్సిందే. పై మడి నిండితేనే కింది మడికి. కోట దిగని దివానుకి ఈ సంగతేం తెలుసు? అన్నిటికంటే కిందున్న శివారు మడి తడిసేసరికి ఊరంతా తడిసింది, ఆడవాళ్ళు పాడుకుంటూ నాట్లకి దిగారు.

రాజావారు ముత్యాలహారంతో సహా బురదలో దిగారు. ఎద్దు తోక విసిరితే మీసాలదాకా బురదే. ఫోటో తీసే ఆయన "కదలకండి" అన్నాడు. కదలడానికి వీలుంటేగా, కాళ్ళు కూరుకుపోయాయి!

అంతలో దివాను రొప్పుతూ వచ్చాడు.

"మోసం, ప్రభూ! నీళ్ళన్నీ ఊరు తాగేసింది. కొలనులో హంసలు కాలినడకన తిరుగుతున్నాయి! ఇప్పుడే తూము మూయిస్తాను."

"ఏమిట్రా ఇది, గంగయ్యా?" రాజావారు మండిపడ్డారు.

గంగయ్య చేతులు కట్టుకున్నాడు.

"మూయించండి ప్రభూ. ఎండిన చేలో నించుని ఈ ఫోటో చూసినవాడు, ‘రాజావారి ఒక్క మడికీ నీళ్ళెక్కడివిరా?’ అంటాడు. దివానుగారు ఊరూరా తిరిగి జవాబు చెబుతార్లెండి."

గట్టు మీద రైతులు గొల్లున నవ్వారు. రాజావారికీ నవ్వక తప్పలేదు.

"గడుసువాడివే! ఏం కావాలో కోరుకో. ముందు నన్ను పైకి లాగు!"

"తూము తాళంచెవి ఇప్పించండి, చాలు."

దివాను చేత తాళంచెవి ఇప్పించారు. దాన్ని మొలలో దోపుకున్నాకే గంగయ్య చెయ్యి అందించాడు.