పది కుంచాల పేకాట

చంద్రవరం రాజుగారి బావమరిది భీమరాయుడు పేకాటలో మొనగాడు. నేతవాళ్ళ మగ్గాల పాకలు పీకించి, అక్కడ పేకాటశాల కట్టిద్దామని ఒకనాడు కొలువులో ప్రతిపాదించాడు.

"వీళ్ళు నెలంతా నేసి సంపాదించేది నేను ఒక్క పూటలో గెలుస్తాను బావగారూ. అందరికీ ఆట నేర్పిస్తాను. ఇదే బతుకుతెరువు అవుతుంది."

రాజుగారు తల ఊపబోతుండగా నేతగత్తె ఈరమ్మ చేతులు జోడించింది.

"అయితే ముందు మొనగాళ్ళతో చూడండి ప్రభూ. అయ్యగారినీ మరో తొమ్మిదిమంది ఆటగాళ్ళనూ ఏడాది పాటు ఒకే ఇంట్లో ఉంచండి. తలా కుంచెడు బియ్యం ఇవ్వండి. మిగతాది ఆడి సంపాదించుకుంటారు. బయటివాళ్ళెవరూ లోపలికి పోకూడదు."

"ఏడాదేం ఖర్మ, పదేళ్ళుంటాను!" అన్నాడు రాయుడు. రాజుగారు పదిమందినీ ఒక ఇంట్లో పెట్టించి, బయటి నుంచి తలుపు వేయించారు.

ఐదోనాడే ఆ ఇంట్లోంచి కేకలు వినిపించాయి. రాజుగారు ఈరమ్మను వెంటబెట్టుకుని వెళ్ళి కిటికీలోంచి చూశారు. తొమ్మిదిమంది ఆకలితో తలుపు బాదుతున్నారు. మిగిలిన బియ్యమంతా రాయుడి దగ్గరే ఉంది. అందరికంటే గట్టిగా అరుస్తున్నదీ ఆయనే.

"గెలిచావు కదయ్యా, నీకేమైంది?"

"వీళ్ళ దగ్గర పందెం కాయడానికి గింజ లేదు బావగారూ! ఈ బియ్యం అయిపోతే నేనూ పస్తే. కష్టం చేసి సంపాదించుకున్నవాళ్ళను ఎవరినైనా లోపలికి పంపండి!"

"ఆ పంపాల్సింది మమ్మల్నే ప్రభూ," అంది ఈరమ్మ. "మగ్గాలు పీకేశాక మేమూ వట్టి చేతులతోనే వస్తాం."

రాజుగారు తలుపు తీయించారు. రాయుడు గెలిచిన బియ్యం వండించి, ముందు ఆ తొమ్మిదిమందికి వడ్డించమన్నారు. పాకలు పీకించే మాట ఇక ఎవరూ ఎత్తలేదు.