ఒజ్జక్క మంచె

పూర్వం, పాలెగాండ్రు కొండకొక కోట కట్టుకొని సీమను ఏలిన కాలంలో, రేగడిపాడు అనే గ్రామంలో పుల్లన్న అనే సేద్యగాడు ఉండేవాడు. భగవంతుడు ఆయనకు అనుగ్రహించినవి రెండే: కొండవాలున ఒక జొన్నచేను, ఓబక్క అనే కూతురు. కంకి పాలుపోసుకున్నది మొదలు కోతల దాకా ఆ బిడ్డ నివాసం మంచె మీదనే. నాలుగు గుంజలు పాతి పైన కట్టెలు పరచిన ఆ మంచెపై నిలిచి, వడిసెలలో రాయి పెట్టి గిరగిర తిప్పి విసిరితే, రాయి చిలుకల గుంపు పక్కన పడేదే గాని ఒక్క పిట్టకు ఈక రాలేది కాదు. "పిట్టను బెదిరించల్ల గానీ సంపగూడదు తల్లీ, దాని పాలు గూడా చేన్లోనే ఉండాది" అని తండ్రి చెప్పిన ధర్మం ఆమె చేతికి అలా అబ్బింది.

ఒక ఏడు చేలల్లో కోతలు సాగుతుండగా పొరుగుసీమ గుర్రపుదండు దోపిడికి వచ్చి పడింది. కొడవళ్లు తప్ప మరో ఆయుధం ఎరుగని రైతులు చేష్టలుడిగి నిలబడ్డారు. ఓబక్క మాత్రం మంచె దిగలేదు. ముందు నడిచే గుర్రాల గిట్టల ముందర రాయి వెంట రాయి కురిపించగా, అవి బెదిరి వెనుకవాటిపై పడి, దండంతా చెల్లాచెదరైంది. ఆ వార్త విన్న కోటనాయకుడు తిమ్మానాయుడు ఆమెను పిలిపించి తూర్పు బురుజు కావలి అప్పగించాడు. "కోటకు దిష్టిబొమ్మ దొరికిందిలే" అని మీసాలచాటున నవ్వినవారు లేకపోలేదు. తొలి ముట్టడితో ఆ నవ్వులకు తాళం పడింది. అలా అనేక సంవత్సరాలు రక్షణధర్మం నిర్వర్తించిన ఆ వీరవనిత, చివరకు ఒక యుద్ధంలో కుడిచేతిని మోచేతి దాకా పోగొట్టుకుంది. ప్రాణం దక్కినందుకు అందరూ సంతోషిస్తుంటే, వడిసెల చూసుకొని ఆమె చిన్నపిల్లలా ఏడ్చింది.

ఆ బురుజు నీడలోనే ఒక వృద్ధుడు అరుగుమీద బడి నడిపేవాడు. చదువు చెప్పేవారిని ఆ సీమలో ఒజ్జ అంటారు. కావలి కాస్తూ ఏళ్ల తరబడి ఆ పాఠాలు విన్న ఓబక్కకు, గాయం మానేలోపల ఆయన ఎడమచేత ఇసుకలో రాయడం నేర్పాడు. అక్షరం వశమైన సంతోషంలో ఆమెకు ఒక సంగతి ములుకులా తగిలింది. ఆ అరుగుమీద కోటవారి పిల్లలే గాని సేద్యగాండ్ర పిల్ల ఒక్కతైనా లేదు. ఉండేదెలా? వాళ్లంతా ఆ వేళ మంచెలమీద ఉంటారు, ఒకప్పుడు తానున్నట్లే. నాయకుడు మాన్యం ఇస్తానన్నా కాదని, సెలవు పుచ్చుకొని, ఆమె స్వగ్రామం చేరింది. పిల్లలు బడికి రాలేకపోతే బడినే మంచె ఎక్కిస్తానని పెద్దల ముందు నిలిచింది.

అప్పటికి రెండేళ్లుగా వానలు లేవు. ఆ ఏటి జొన్న చేజారితే ఊరు వలసపోవలసిందే. గ్రామపెద్ద గంగిరెడ్డి మొహమాటం లేకుండా అన్నాడు: "పిల్లోల్లు తలకాయ వంచుకోని రాసుకుంటా కూసుంటే పిట్టలు సేనంతా దిని పోతాయి. అచ్చరాలు వండుకోని తింటామా ఓబక్కా? నీ మింద గౌరవంతో ఒప్పుకుంటాండా. పంట పోయిందా, నీ బడీ పోతాది, నువ్వూ ఊరు ఇడిసి పోవల్ల."

ఆయన భయపడినంతా జరిగింది. కోటలోని ఒజ్జ నేర్పిన పద్ధతినే ఆమె కూడా పట్టుకుంది: ఒజ్జ చెబుతుంటే పిల్లలు మాట్లాడకూడదు, ఇసుకపళ్లెంలో వేలు తిప్పాలి. పిల్లలు బుద్ధిగా తలలు వంచారు. చిలుకలు అంతకంటె బుద్ధిగా చేనిలో దిగాయి. చేని మూల ఒకటి బోసిపోయింది. మరుసటి ఉదయం గంగిరెడ్డి కర్ర పట్టుకొని గట్టుమీద నిలబడే సరికి, ఆకాశం పచ్చబడేంత గుంపు మళ్లీ వాలుతున్నది. ఓబక్క భుజం అలవాటు చొప్పున ఎగిరింది, కాని తిప్పడానికి చెయ్యి లేదు. ఇక ఊరు విడవవలసిందేనన్న దుఃఖంలో, చిన్ననాడు పిట్టలను అదిలించిన ఆ గొంతుతోనే, నాలుకపై ఉన్న పాఠం గట్టిగా కేకవేసింది: "ఓ... న... మః!"

పిల్లలు ఉలిక్కిపడి అంతకు రెట్టింపుగా అరిచారు. చిలుకలు ఒక్కపెట్టున లేచిపోయాయి. పక్కచేని మంచెమీది పిల్ల అది విని అందుకుంది. దాని అవతలి మంచె దాన్ని అందుకుంది. కొండవాలు పొడవునా పాఠం చేను దాటి చేను నడిచింది. గట్టుమీద గంగిరెడ్డి నోరు తెరిచి చూస్తూ, తనకే తెలియకుండా తానూ "ఓ" అన్నాడు. పిల్లలు నవ్వితే కోప్పడలేదు, "నవ్వేదేల? ఆపైది ఏందో సెప్పండి" అన్నాడు.

ఆ ఏడు మరో గింజ నష్టపోకుండా పంట ఇల్లు చేరింది, ఊరు నిలిచింది, ఓబక్క అందరికీ ఒజ్జక్క అయింది. పండుముసలి వయసులో ఆమె ఆ మంచె మీదనే కన్నుమూయగా, ఎన్నడూ లేనిది పిట్టలు వచ్చి, చేను ముట్టకుండా మంచె చుట్టూ వాలాయనీ, తెల్లవారేసరికి కొయ్యమంచె రాతిమంచెగా మారిందనీ పెద్దలు చెబుతారు. నమ్మనివారు వెళ్లి ఆ రాతిగుంజలను తడిమి చూడవచ్చు. కొయ్య చారలు నేటికీ చేతికి తగులుతాయి.

అక్కడ విగ్రహం లేదు, ఒక వడిసెల మాత్రం వేలాడుతుంటుంది. పుష్యమాసంలో కంకి పాలుపోసుకున్నప్పుడు తొలి కంకిని పిట్టల పాలుగా మంచెపై ఉంచి, పిల్లలకు అక్షరాభ్యాసం చేస్తారు. అన్నిచోట్లా తొలి అక్షరం రాయిస్తారు, ఇక్కడ అరిపిస్తారు. కింద చేనిలో, చదువుకు నోచుకోని తాతలూ అవ్వలూ నిలబడి బదులు పలకాలని నియమం. ఏటా మొదటి బదులు గంగిరెడ్డి వంశంవారిది. వాళ్లు "ఓ" అనగానే చిలుకలు లేస్తాయి.