గోరువంక అడిగింది, అందరూ చెప్పారు

అనగనగా ఒక అడవి. ఎండాకాలం వస్తే ఆ అడవిలో మిగిలేది ఒకే ఒక్క మడుగు. జంతువులన్నీ అక్కడికే రావాలి, అక్కడే తాగాలి. అందుకని మడుగుకు ఒక కాపలాదారు ఉండేవాడు. ఎవరు ముందు తాగాలో, ఎవరు తరవాత తాగాలో చెప్పేవాడు. తాగేవాళ్ళ మీద ఎవరూ పడకుండా చూసేవాడు.

చాలా ఏళ్ళు ఆ పని ఒక ముసలి అడవిదున్న చేసింది. పాపం, దాని చూపు మందగించింది. ఒకరోజు ఒడ్డున ఉన్న బండరాయిని "ముందు నువ్వు తాగు" అని చాలాసేపు బతిమాలింది. బండరాయి కదలలేదు. దున్నకు కోపం వచ్చింది. ఇక కొత్త కాపలాదారును ఎన్నుకోవడం మంచిదని అందరూ అనుకున్నారు.

పోటీకి ఇద్దరు నిలబడ్డారు. ఒకడు కంపయ్య అనే ముళ్ళపంది. చాలా మంచివాడు. ఆ మంచితనాన్ని కాస్త దూరం నుంచి చూడాలి, అంతే. రెండోవాడు గండయ్య అనే దుమ్ములగొండి. అతను భోజనం చేసిన చోట ఎముక కూడా మిగలదు. శుభ్రత ఎక్కువ.

గండయ్య ఓట్లు అడుగుతూ ఒకే ఒక్క మాట చెప్పాడు.

"నేను కాపలాకు వస్తే మడుగు దగ్గర గుంపు తగ్గిపోతుంది."

ఎలా తగ్గుతుందని ఎవరూ అడగలేదు. తల్లులు మాత్రం పిల్లల్ని దగ్గరికి లాక్కున్నారు.

ఆ అడవిలో ఓటు వేసే పద్ధతి ఒకటుంది. గండయ్యకు వేసేవాళ్ళు కుంకుడు గింజ తెచ్చుకోవాలి. కంపయ్యకు వేసేవాళ్ళు చింతగింజ తెచ్చుకోవాలి. గింజను బుగ్గన పెట్టుకుని, మూసిన నోటితో ఓట్ల గుహలోకి వెళ్ళాలి. లోపలున్న రాతి గుంటలో వేసి బయటికి రావాలి. లెక్క తేలేదాకా ఏ గింజ వేశారో ఎవరికీ చెప్పకూడదు.

లెక్కపెట్టడం తాబేలు పని. ఆమె వాగు కింది ఊట దగ్గర ఉంటుంది. ఈ మడుగు నీళ్ళు తాగదు, కాబట్టి ఎవరి పక్షమూ కాదు. మనిషికైతే అక్కడి నుంచి గుహ దాకా ఒక పూట నడక. తాబేలుకు మూడు రోజులు. పైగా దారిలో కనబడ్డ ప్రతివాళ్ళనూ పలకరిస్తుంది.

ఆ మూడు రోజులూ ఊరుకుని ఉంటే మనకీ కథ ఉండేది కాదు.

ఆ అడవిలో సింగారి అనే గోరువంక ఉండేది. ఏ విషయమైనా అందరికంటే ముందు తెలియకపోతే దానికి కడుపునొప్పి వచ్చేది. ఓట్లనాడు అది తెల్లవారగానే వచ్చి గుహ బయట ఒక కొమ్మ మీద కూర్చుంది. బయటికి వచ్చిన ప్రతివాళ్ళనూ అడగడం మొదలుపెట్టింది.

"ఎవరికి వేశావు? చెప్పు, నేనెవరికీ చెప్పను. అందరికీ కలిపి చెబుతాను."

ఆ కొమ్మకు కాస్త అవతల, పొద కింద, గండయ్య పడుకుని ఉన్నాడు. కళ్ళు మూసుకున్నాడు. చెవులు మాత్రం నిక్కబొడుచుకుని ఉన్నాయి.

ముందు జింక వచ్చింది. పొదను చూసింది. "గండయ్యకే వేశాను" అంది.

తరవాత అడవిపంది వచ్చాడు. తనకు ఎవరన్నా భయం లేదని రోజుకు మూడుసార్లు చెప్పుకునేవాడు. అతనూ పొదను చూశాడు. "గండయ్యకే! ఇంకెవరికి వేస్తాం?" అని కొంచెం గట్టిగానే చెప్పాడు.

మూడోది నూకమ్మ అనే కుందేలు. ఆమెకు ముగ్గురు పిల్లలు. చిన్నది ఇంకా సరిగ్గా గెంతడం కూడా రానిది. గండయ్య కాపలాకు వస్తే ఆ పిల్లల్ని మడుగుకు ఎలా తీసుకువెళ్ళాలా అని నూకమ్మకు వారం రోజులుగా తిండి సయించలేదు. ఆమె గుంటలో వేసింది చింతగింజ.

"ఎవరికి వేశావు వదినా?" అని అడిగింది గోరువంక.

పొద కింద చెవి ఒకటి ఇటు తిరిగింది.

"గండయ్య బాబుకే" అంది నూకమ్మ. ఆ మాట అంటూనే అక్కణ్ణించి గెంతింది.

గోరువంక చెట్టు బెరడు మీద ముక్కుతో ఇంకో గీత గీసింది. పొద్దు వాలేదాకా అలాగే అడిగి, గూటికి పోయింది. అది పోయాక గుడ్లగూబలు వచ్చాయి, గబ్బిలాలు వచ్చాయి, ఒంటినిండా పొలుసులున్న అలుగులు వచ్చాయి. పగలు బయటికి రాని వాళ్ళంతా అప్పుడే ఓట్లు వేశారు. వాళ్ళను ఎవరూ ఏమీ అడగలేదు.

మర్నాడు పొద్దున్నే గోరువంక అడవంతా తిరిగి చాటింది.

"పదిమందిలో తొమ్మిదిమంది గండయ్యకే! ఇక లెక్కపెట్టడం పేరుకే!"

అడవి చల్లబడిపోయింది. విచిత్రం ఏమిటంటే, తాను అబద్ధం చెప్పానని ప్రతివాళ్ళకూ తెలుసు. మిగతావాళ్ళంతా నిజమే చెప్పి ఉంటారని ప్రతివాళ్ళూ నమ్మారు.

పక్క చెట్టు మీద ఉండే పైడమ్మ అనే ఉడుత నూకమ్మ దగ్గరికి దిగింది.

"నువ్వెవరికి వేశావు వదినా?" అంది మెల్లగా.

"గండయ్య బాబుకే. నువ్వో?"

"నేనూ అంతే."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఇద్దరూ చింతగింజే వేశారు. ఇద్దరూ ఎదుటిదాన్ని చూసి భయపడ్డారు. పైడమ్మ గబగబా చెట్టెక్కేసింది.

ఆ మధ్యాహ్నం గండయ్య మడుగు ఒడ్డున వచ్చి కూర్చున్నాడు. ముసలి దున్న పక్కకు జరిగింది. దాహంతో వచ్చినవాళ్ళు దూరం నుంచి చూసి వెనక్కి తిరిగారు. ఎవరూ తాగలేదు. కప్పలు కూడా అరవలేదు.

రెండో రోజు గండయ్య కబురు పంపాడు. కబురు మోసింది గోరువంకే.

"లెక్క కాకముందే నా గుహకు వచ్చి ఉన్నవాళ్ళు నావాళ్ళు. వాళ్ళను నేను ముట్టుకోను. లెక్క అయ్యాక వచ్చేవాళ్ళ సంగతి నాకు తెలియదు."

నూకమ్మ పిల్లల్ని చూసింది. నాలుకలు ఎండిపోయి పడుకుని ఉన్నారు. ఇంతలో కంపయ్య అటుగా వచ్చాడు.

"అమ్మా నూకమ్మా, ఎక్కడికే ప్రయాణం?"

"గండయ్య బాబు గుహకు, బాబాయ్."

"రేపే కదా లెక్క. ఒక్కరోజు ఆగరాదూ?"

"ఇంకా లెక్కేముంది బాబాయ్? గోరువంక చెప్పిందిగా."

"అది చీకటిపడ్డాక వచ్చినవాళ్ళను అడగలేదు. పగలు వచ్చినవాళ్ళనేమో గండయ్య ముందు అడిగింది. నాకు వేశానని అక్కడ నిలబడి ఎవరు చెబుతారు?"

"నీకు వేసినవాళ్ళు ఒక్కరైనా ఉన్నారా బాబాయ్?" అంది నూకమ్మ.

అడిగేసి తనే ఉలిక్కిపడింది. నేనున్నానని చెప్పడానికి నోరు తెరిచింది. అంతలో పొదల్లో ఆకు కదిలింది. గాలే. అయినా నోరు మూసేసుకుంది.

కంపయ్య వెళ్ళిపోయాడు. నూకమ్మ ముగ్గురు పిల్లల్నీ వెంటబెట్టుకుని గండయ్య గుహకు బయలుదేరింది.

గుహలో నేలంతా ఎముకలు. అడుగు వేస్తే కరకరమన్నాయి. గండయ్య ముగ్గురు పిల్లల్నీ వరసగా వాసన చూశాడు.

"బాగున్నారు" అన్నాడు. "ఇక్కడే ఉండండి. గెలిచి వచ్చాక మాట్లాడుకుందాం."

మూడో రోజు తాబేలు వచ్చింది. ముందు వరసలో కూర్చున్న గండయ్యతో సహా అందరినీ కుశలం అడిగింది. తరవాత గుంటలోంచి గింజలు తీసి ఎండలో పరిచింది. ఒక పక్క చింతగింజలు, ఒక పక్క కుంకుడు గింజలు. చింతగింజల కుప్ప పెరిగింది. ఇంకా పెరిగింది. తాబేలు దాని వెనక కనబడకుండా పోయింది. కుంకుడు గింజలు మొత్తం పదకొండు.

జింక అడవిపంది వైపు చూసింది. అడవిపంది ఉడుత వైపు చూశాడు.

"నువ్వూనా?"

"నువ్వూనా?"

ఇంతమంది తమలాంటివాళ్ళే అని తెలిశాక వాళ్ళ వెన్ను నిటారుగా అయింది. ముసలి దున్న కొమ్ములు వంచింది. సరిగ్గా గండయ్య వైపే వంచింది. అడవిపంది కోరలు చూపించాడు, మొదటిసారి మాటల్లేకుండా. గండయ్య ఒక్కొక్క అడుగే వెనక్కి వేశాడు. తరవాత తిరిగి, తన గుహ వైపు పరుగు తీశాడు.

గుహలో నూకమ్మకు దూరం నుంచి కేకలు వినిపించాయి. గండయ్య గెలిచాడు కాబోలు అనుకుంది. ఇంతలో పైడమ్మ కొమ్మల మీదుగా ఎగురుతూ వచ్చింది.

"కంపయ్య గెలిచాడు! అందరూ చింతగింజే వేశారు! గెలిచాం! గెలిచాం వదినా!" అని అరిచి, అప్పుడు గుహ ముందు ఆగింది. "అయ్యో, నువ్విక్కడేం చేస్తున్నావే?"

వారం రోజులుగా నూకమ్మ వినాలనుకున్న మాట అదే. విన్నాక ఆమె పిల్లల్ని దగ్గరికి లాక్కుంది. ఓడిపోయినవాడికి ఇక ఎవరి మెప్పూ అక్కర్లేదు. ఎండుటాకుల మీద అడుగుల చప్పుడు దగ్గరికి వస్తోంది.

"వెనక సందుంది! వెనక బండల మధ్య సందుంది!" అని అరిచింది పైడమ్మ.

నూకమ్మ పెద్దవాణ్ణి తోసింది. రెండోవాణ్ణి తోసింది. చిన్నది సందులో ఇరుక్కుంది. గుహ నోటి దగ్గర వెలుతురు మూసుకుపోయింది. గండయ్య లోపలికి వచ్చాడు. ఎముకల మీద అడుగులు కరకరమన్నాయి. నూకమ్మ తలతో ఒక్క పోటు పొడిచింది. చిన్నది అవతల పడింది. వెంటనే తనూ దూరబోయింది. తల పెడుతుండగానే చెవి గండయ్య నోటికి చిక్కింది, అయినా ఒక్క ఊపున దూరిపోయింది. ఎడమ చెవి మాత్రం గండయ్య పళ్ళ మధ్య మిగిలిపోయింది.

ఆ సాయంత్రం మడుగు దగ్గర కంపయ్య అందరికంటే ముందు నూకమ్మనూ పిల్లల్నీ పిలిచాడు. పిల్లలు తాగుతూనే ఉన్నారు. చెవి ఎక్కడ పోయిందని ఎవరూ అడగలేదు. గోరువంక మాత్రం ఒక కొమ్మ కిందికి దిగింది.

"నా మీద కోపమా వదినా? నేను కల్పించి చెప్పలేదు. మీరంతా నాకు చెప్పిందే మీకు చెప్పాను."

"ఆ రోజు పొద కింద ఎవరున్నారో కూడా చెప్పాల్సింది" అంది నూకమ్మ.

గోరువంక ఇంకెవరినీ ఏమీ అడగకుండా గూటికి ఎగిరిపోయింది. అది పుట్టాక అలా జరగడం అదే మొదలు. నూకమ్మ నీళ్ళలో తన నీడను చూసుకుంది.

"నేనూ నిజం చెప్పాల్సింది" అని, తల వంచి తాగింది.

నీతి: భయంతో చెప్పిన జవాబులు ఎన్ని పోగేసినా నిజం కాదు. లెక్క తేలకముందే వాటిని నమ్మి తొందరపడితే, గెలిచిన రోజున కూడా మనమే నష్టపోతాం.