జానెడు ఇసుక

పైడిరాజు బౌద్ధ విహారానికి వచ్చి భంతే ఎదుట కూర్చున్నాడు. నమస్కారం చేశాడు.

అక్కడి భిక్షువు సుమేధ భంతే అప్పటిదాకా వాకిట్లో ఆకులు ఊడుస్తున్నారు. చీపురు గోడకి చేరవేసి వచ్చి చాప మీద కూర్చున్నారు. ఏమైందని అడగలేదు.

"భంతే, నేను పంచశీలం తప్పలేదు. అయినా ఒక ప్రాణం పోయింది. తప్పు ఎక్కడుందో తెలియడం లేదు," అన్నాడు పైడిరాజు.

పైడిరాజుకి విశాఖలో కళ్లజోళ్ల దుకాణం ఉంది. ఇంట్లో, హాలులో, గోడ పొడవునా ఉప్పునీటి అక్వేరియం. అందులో చేపలు తక్కువ, పగడాలు ఎక్కువ. ఉంగరంలో పొదిగే పగడాలు కావు. బతికున్నవి, రాయిని పట్టుకుని పెరిగేవి.

వాటిలో ఒక మెత్తటి రకం ఉంది. సన్నటి కాడల చివర చిన్న చిన్న చేతుల్లాంటివి. పగలంతా అవి మూసుకుంటూ తెరుచుకుంటూ ఉండేవి. అతని భార్య గౌరి వాటికి 'చప్పట్లు' అని పేరు పెట్టింది. ఇంటికి వచ్చినవాళ్లు చేతిలో కాఫీ చల్లారిపోయేదాకా వాటినే చూసేవారు. "ఎక్కడ దొరికాయండీ ఇవి?" అని అడిగేవారు. పైడిరాజు ఓపిగ్గా చెప్పేవాడు.

మొదట్లో అవి ఒక్క రాయి మీదే ఉండేవి. తరవాత పక్క రాయి ఎక్కాయి. అద్దానికి అంటుకున్నాయి. మోటారు గొట్టాన్నీ వదల్లేదు. అక్వేరియాలు పెంచే స్నేహితులు హెచ్చరించారు, గీకి పారెయ్యి, లేకపోతే తొట్టె మొత్తం అవే అయిపోతాయని.

పైడిరాజు గీకలేదు. ఆ ముందు ఏడాదే భంతే దగ్గర పంచశీలం తీసుకున్నాడు. ప్రాణం తియ్యనన్నది అందులో మొదటి మాట. ఆ సంగతి స్నేహితులకి చెప్పాడు. విహారంలో కూడా చెప్పాడు. విన్నవాళ్లు మెచ్చుకున్నారు.

ఆదివారాలు విహారానికి వచ్చేవాళ్లలో సత్యవేణి అని ఒకావిడ ఉండేది. ఆమె భర్తకీ పగడాల పిచ్చి. ఆయన పోయాక ఆ ఉప్పునీళ్ల బకెట్లు మోయడం ఆమె వల్ల కాలేదు. అడిగినవాళ్లకల్లా అన్నీ ఇచ్చేసింది, ఒక్కటి తప్ప. దోసిట్లో పట్టేంత పగడం అది. అక్రోటు పప్పు మీద ఉండే గీతల్లాంటి గీతలు, లోపల లేత ఆకుపచ్చ. బొటనవేలంత ముక్కని తెచ్చి ఆయన పెంచాడు. ఏళ్లు గడిస్తే గాని పెరిగినట్టు కనపడని జాతి.

దాన్ని పైడిరాజు చేతిలో పెడుతూ, "ఇది ఆయన చేతుల మీద పెరిగింది. నీ దగ్గరుంటే అప్పుడప్పుడూ వచ్చి చూసుకుంటాను తమ్ముడూ," అంది.

వచ్చేది కూడా. విహారం నుంచి తిరిగి వెళ్తూ ఆగేది. గౌరితో రెండు మాటలు మాట్లాడి, అద్దం దగ్గర కాసేపు కూర్చుని వెళ్లేది.

ఒకరోజు అలాగే కూర్చుని, "తమ్ముడూ, నీ చప్పట్లు దీని దగ్గరదాకా వచ్చేశాయి. ఆ రాయిని..." అంది.

"అక్కా, అవీ ప్రాణాలే కదా," అన్నాడు పైడిరాజు నవ్వుతూ. "భంతే దగ్గర మాటిచ్చాను. నా చేత్తో నేను చంపలేను."

ఆమె అతని వంక చూసింది. ఆ మాట పూర్తి చెయ్యలేదు.

చప్పట్లు ఆకుపచ్చ పగడం అంచులు ఎక్కాయి. అది ఒక పక్క నుంచి ముడుచుకుంటూ వచ్చింది. ముడుచుకున్న చోటల్లా కింద సున్నంలాంటి తెల్లటి ఎముక బయటపడింది. పైడిరాజు రోజూ చూశాడు. బాధపడ్డాడు. ప్రకృతి అంతేననుకున్నాడు. కొన్నాళ్లకి ఆకుపచ్చ అనేదే లేకుండా పోయింది.

ఆ తరవాత సత్యవేణి వచ్చింది. అద్దం ముందు నిలబడింది. గౌరి కాఫీ తెచ్చేసరికి చేతిసంచీ తీసుకుని మెట్లు దిగి వెళ్లిపోయింది. మళ్లీ ఆ ఇంటికి రాలేదు. విహారానికీ రావడం మానేసింది.

ఇదంతా విని భంతే అడిగారు. "ఆమె నిన్ను ఏమడిగింది?"

"వాటిని చంపమంది భంతే. నేను చంపలేకపోయాను."

"రేపు మీ ఇంటికి భోజనానికి వస్తాను," అన్నారు భంతే.

మర్నాడు పొద్దెక్కకముందే వచ్చారు. గౌరి వంట చేస్తోంది. భంతే కుర్చీ తెచ్చుకుని అక్వేరియం ముందు కూర్చున్నారు. చప్పట్లని ఆసక్తిగా చూశారు.

"బాగున్నాయి," అన్నారు. "ఇవి ఎలా పాకుతాయి?"

"రాయో అద్దమో తగులుతుంటే దాన్ని పట్టుకుని పాకుతాయి భంతే."

"తగలకపోతే?"

"మధ్యలో జానెడు ఇసుకుంటే చాలు. దాటి రాలేవు."

 భంతే లేచారు.

"చెయ్యి పెట్టొచ్చా?"

"పెట్టొచ్చు భంతే."

భంతే చేతులు కడుక్కుని వచ్చారు. కాషాయ వస్త్రాన్ని భుజం మీదికి లాక్కుని నీళ్లలో చెయ్యి పెట్టారు. మొదటి నుంచీ చప్పట్లు ఉన్న పెద్ద రాయిని మెల్లగా ఎత్తారు. అవన్నీ ఒక్కసారిగా ముడుచుకున్నాయి. రాయిని తీసుకెళ్లి ఒక మూల, దేనికీ తగలకుండా, ఇసుక మీద పెట్టారు.

నీళ్లు తేరుకున్నాయి. కాసేపటికి ఒక చెయ్యి తెరుచుకుంది. దాని పక్కది తెరుచుకుంది. అంతలో అన్నీ ఎప్పట్లాగే ఆడసాగాయి.

"ఏదైనా చచ్చిందా?"

"లేదు భంతే."

గౌరి వంటింటి గుమ్మంలోకి వచ్చి చూసి, "అయ్యో, ఆ మూల పెడితే సోఫాలో కూర్చున్నవాళ్లకి కనపడవు కదా భంతే," అంది. "ఈయన మొదట్నుంచీ వాటిని మధ్యలోనే ఉంచాలంటారు."

ఆమె మామూలుగానే అంది. అని, పొయ్యి మీద పప్పు చూడ్డానికి వెళ్లిపోయింది.

పైడిరాజు ముఖం పాలిపోయింది. భంతే అతని వైపు తిరగలేదు. తడి చేతిని తొట్టె మీదే ఉంచి, నీళ్లు కారిపోయేదాకా ఆగారు.

"ఆమె నిన్ను ఏమడిగిందన్నావు?"

పైడిరాజు మూలనున్న రాయి వైపు చూశాడు.

"అడగనివ్వలేదు భంతే," అన్నాడు.

భంతే తువ్వాలు అందుకుని చెయ్యి తుడుచుకున్నారు.

"ఇప్పుడు జరిపి ఏం లాభం భంతే? అది పోయింది కదా."

"అవును," అన్నారు భంతే. "పోయింది."

ఇంకో మాట ఉంటుందేమోనని పైడిరాజు ఎదురుచూశాడు. భంతే భోజనానికి కూర్చున్నారు. పప్పు, బీరకాయ కూర, మజ్జిగ, వడ్డించినవన్నీ నెమ్మదిగా తిన్నారు. వంట బాగుందని గౌరితో చెప్పారు. గుమ్మం దాకా వచ్చిన పైడిరాజు తల మీద చెయ్యి ఉంచి, వెళ్లిపోయారు.

ఆ సాయంత్రం పైడిరాజు దుకాణం తెరవలేదు. సత్యవేణి ఇంటికి వెళ్లాడు. దారిలో ఎన్నో మాటలు కూర్చుకున్నాడు. తలుపు తీసిన మనిషిని చూడగానే వాటిలో ఒక్కటీ పనికిరాలేదు.

"అక్కా, మీరు రాయిని జరపమనబోయారు. నేనేమో మీరు చంపమన్నారని చెప్పుకుని తిరిగాను. భంతేతో కూడా అలాగే చెప్పాను."

ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంటూ నిలబడింది. కోపంగా లేదు. కోపంగా ఉంటే బాగుండుననిపించింది అతనికి.

"ఎందుకక్కా ఆ మాట పూర్తి చెయ్యలేదు? నన్ను తిట్టి అయినా చెప్పాల్సింది."



"'చంపలేను' అంటున్నప్పుడు నువ్వు ఎంత సంతోషంగా ఉన్నావో నీకు తెలీదు తమ్ముడూ," అంది సత్యవేణి. "ఇంక నేనేం చెప్పను?"

అని, లోపలికి రమ్మన్నట్టు తలుపు పూర్తిగా తెరిచి పక్కకి తప్పుకుంది.

పైడిరాజు గడప బయటే నిలబడిపోయాడు.