హద్దురాయి ఎక్కిన గుర్నాథం

వెతికినా చెట్టు కనబడని గడ్డిబీడు అది. నిలబడితే మోకాలెత్తు గడ్డి, పడుకుంటే ఆకాశం, అంతే. పేరు తెల్లగరిక బీడు. అంత చిన్న బీడుకీ అడవి సభలో ఒక సీటుంది. ఆ సీటుకి మూడేళ్లకోసారి ఎన్నికుంది.

పోటీ చేసేవాళ్లు నేల మీద తలా ఒక గుంట తవ్వుకుంటారు. ఓటర్లు ఒక్కో గడ్డిపోచ తెంపుకొచ్చి తమకిష్టమైన గుంటలో వేస్తారు. ఎవరి గుంటలో పోచలు ఎక్కువుంటే వాళ్లది సీటు. మొదట్లో గొర్రెలు ఓటేసి, ఆ ఓటుతోపాటు పక్కవాళ్ల ఓట్లు కూడా మేసేసి వెళ్లేవట. ఇప్పుడు వాటిని కడుపు నిండాకే రానిస్తున్నారు.

ఓట్లకి ముందు ఇంకో ఆనవాయితీ ఉంది. బట్టమేక పిట్ట గుర్నాథం ఆ సీటు కథంతా చెప్పాలి. తండ్రి నుంచి వచ్చిన పని అది. అతను కథ మొదలుపెట్టాక, లెక్క తేలేదాకా, పాత సంగతులు ఇంకెవరూ ఎత్తకూడదు. ఎత్తితే పోట్లాటలొస్తాయని పెద్దలు పెట్టిన కట్టుబాటు.

గుర్నాథం దూడంత ఎత్తు మనిషి. అదే, పిట్ట. గొంతు కింద సంచి ఉబ్బించి "హూమ్" అన్నాడంటే బీడు ఆ చివర దాకా వినబడుతుంది. ఆ సంగతి అందరికంటే బాగా అతనికే తెలుసు.

ఆ ఏడాది సీటులో ఉన్న ఎద్దు వీరన్న మీద నక్క జంబయ్య నిలబడ్డాడు. ఎన్నికకి రెండ్రోజుల ముందు, పొద్దున్నే మిడతలు ఏరుకుంటున్న గుర్నాథం దగ్గరికొచ్చి కూర్చున్నాడు.

"మామా, నిన్ను చూస్తే నాకు బాధగా ఉంటుంది."

"నాకేమైందప్పా?"

"అంత గొంతు పెట్టుకుని నేల మీద నిలబడి చెబుతావు. వెనకున్నవాళ్లకి నీ తలకాయ తప్ప ఏం కనబడదు. పోయినసారి జింకపిల్లలు నిద్రపోయాయి, చూశావా?"

గుర్నాథం ముక్కులోని మిడత కింద పడింది. "నిద్రా? నా కథకా?"

"కథకేం, బ్రహ్మాండం. పొడుగైంది, అంతే. మధ్యలో ఆ రెండో ముక్క తీసేస్తే చాలు."

"రెండోది మీ తాత కథ కదా జంబయ్యా."

నక్క తల దించుకున్నాడు. నక్కలకి తల దించుకోవడం బాగా వచ్చు. "తాతది కాబట్టే మామా. ఆయన చేసిన పనికి మూడేళ్లకోసారి ఊరందరి ముందూ నేను తలొంచాలా? అబద్ధం చెప్పమనడం లేదు. ఊరికే వదిలెయ్యి, అంతే. నీకు మాత్రం ఈసారి ఎత్తుగా ఒక రాయి వేయిస్తా. దాని మీద నిలబడు. బీడు బీడంతా నిన్నే చూడాలి."

జంబయ్య వెళ్లగానే గుర్నాథం, నిలబడబోయే ఎత్తు ఎంతుంటుందోనని మెడ సాచి చూసుకున్నాడు.

ఎన్నిక రోజు సభామైదానంలో నిజంగానే పెద్ద రాయుంది. పైనుంచి కింద దాకా తంగేడు పూలు కప్పి ఉంది. దాన్ని దొర్లించుకొచ్చిన జంబయ్య చుట్టాలు పదిమంది నాలుకలు బయటపెట్టి రొప్పుతున్నారు. గుర్నాథం ఎక్కాడు. ఎక్కితే లోకం వేరే! కుందేలు పోలక్క చెవుల వెనక వైపు కూడా కనబడుతోంది.

పూల కింద కాలివేళ్లకి ఏదో తగిలింది. మూడు గీతలు, లోతుగా, పక్కపక్కనే. 'జారకుండా నాకోసం చెక్కించాడు, ఎంత మర్యాద!' అనుకున్నాడు గుర్నాథం. గొంతు ఉబ్బించాడు.

"హూమ్! మొదట ఈ సీటులో కూర్చున్నది ఆవు గంగమ్మ. మడుగుకి అవతలి ఒడ్డున హద్దురాయి పాతించి, మడుగుని మన బీడులో ఉంచిన తల్లి. ఆ రాయి మీద కొమ్ముతో గుర్తు పెట్టింది. ఎన్నిక ముగిసేసరికి రాయి ఎక్కడుంటే, మళ్లీ ఎన్నిక దాకా హద్దు అక్కడే అని కట్టుబాటు పెట్టింది."

ఇక్కడ అతను రెండో ముక్క చెప్పాలి. జంబయ్య తాత సరిగ్గా ఎన్నిక ముందు రాయిని మడుగుకి ఇవతలికి దొర్లించాడనీ, మడుగు పక్క బీడుకి పోయి మూడు వేసవులు ఇక్కడివాళ్ల నాలుకలు పిడచగట్టాయనీ, వీరన్న తండ్రి మెడ పుండయ్యేలా తోసి రాయిని వెనక్కి చేర్చాడనీ చెప్పాలి.

గుర్నాథం ఒక్కసారి మింగాడు.

"తర్వాత వీరన్న తండ్రి వచ్చాడు. మంచివాడు. ఇప్పుడు వీరన్న."

ముసలి వీరన్న తలెత్తి అతని వైపు చూశాడు. తండ్రి మెడ మీది పుండు 'మంచివాడు' అనే ఒక్క మాటయిపోయింది. మళ్లీ తల దించుకున్నాడు. ఈ దించుకోవడం నక్క దించుకున్నట్టు లేదు. పోలక్క మాత్రం నోరు తెరిచింది.

"మామా, మధ్యలో…"

"కట్టుబాటు!" అన్నాడు గుర్నాథం పైనుంచి.

పోలక్క నోరు మూసుకుంది. జింకపిల్లలు నిద్రపోలేదు. అందరూ "ఈసారి కథ ఎంత చక్కగా ఉందీ!" అన్నారు.

మూడు పోచల తేడాతో జంబయ్య గెలిచాడు. గెలిచినవాడు ముందుగా చేసిన పని, తోకతో తంగేడు పూలు ఊడ్చెయ్యడం. రాయి మీద మూడు కొమ్ము గీతలు ఎండలో తెల్లగా మెరిశాయి.

"ఎన్నిక ముగిసింది. హద్దురాయి ఎక్కడుందో అందరూ ఒకసారి చూసుకోండప్పా," అన్నాడు జంబయ్య. "మన గుర్నాథం మామ కాళ్ల కింద ఉంది."

మడుగు పక్క బీడుకి, అంటే అక్కడ పెత్తనం చేసే దుమ్ములగొండి చేతికి పోయింది. మడుగులో ఎండ్రకాయలు మాత్రం జంబయ్యకి, ఆ లోపాయికారీ ఒప్పందం ఎప్పుడో కుదిరింది. గుర్నాథం రాయి దిగలేకపోయాడు. దిగితే అందరి మధ్యలోకి దిగాలి.

వేసవి వచ్చింది. పక్క బీడువాళ్లంతా తాగి వెళ్లాక మిగిలిన బురద కోసం తెల్లగరికవాళ్లు వరస కట్టి నిలబడేవాళ్లు. చిత్రమేమిటంటే, గుర్నాథాన్ని ఎవరూ తిట్టలేదు. చాలామందికి రెండో కథ గుర్తే లేదు. "పాపం, నిన్ను కూడా మోసం చేశాడు మామా," అని జింకలు వరసలో ముందుకి చోటిచ్చేవి. అతను వెనక్కి వెనక్కి జరిగి ఆఖరున నిలబడేవాడు. అక్కడ పోలక్క ఉండేది.

"ఏం మామా, ఇక్కడ వెనక ఎత్తు చాల్తుందా? రాయి ఏమన్నా వేయించమంటావా?"

"ఎగతాళి చెయ్యి పోలక్కా, చెయ్యి."

"చేస్తా. నేను కూడా చెయ్యకపోతే నీకు మరీ ఒంటరిగా ఉంటుంది." వరసలో ఒక అడుగు ముందుకి జరిగి అంది, "కాలికి గీతలు తగల్లేదా?"

"తగిలాయి," అన్నాడు గుర్నాథం. ఆ మాట బయటికి రావడానికి గొంతు సంచి మొత్తం ఖాళీ చేసుకోవలసి వచ్చింది. "నాకోసం చెక్కించాడనుకున్నా."

పోలక్క నవ్వుదామనుకుంది. అతని మొహం చూసి మానేసింది. ఆ వారమే కౌజుపిట్ట రంగమ్మ పిల్లలు రెండు, వరసలో ఉండగానే దాహానికి పడిపోయాయి, మళ్లీ లేవలేదు.

మూడేళ్లకి మళ్లీ ఎన్నిక వచ్చింది. జంబయ్య రాయికి కొత్త పూలు కప్పించాడు. "ఎక్కు మామా!"

గుర్నాథం ఎక్కలేదు. నేల మీదే నిలబడ్డాడు. గొంతు ఉబ్బించలేదు. బీడంతా చెవులు రిక్కించాల్సి వచ్చింది. మొదటి కథ చెప్పాడు. రెండోది చెప్పాడు, పుండుతో సహా. మూడోది చెప్పాడు.

"నాలుగోది గుర్నాథం అనే పిట్ట కథ. ఎత్తు కోసం ఒక ముక్క మింగాడు. హద్దురాయి మీద నిలబడి, కాలికి గుర్తు తగిలినా, అది తనకి జరిగిన మర్యాద అనుకున్నాడు. మడుగు పోయింది. ఇంకా ఓట్లు పడలేదు. రాయి ఇంకా ఇక్కడే ఉంది."

వీరన్న లేచాడు, వెళ్లి రాయికి మెడ ఆనించాడు. వెనకే జింకలు, గొర్రెలు.

"ఏయ్, ముందు ఓట్లు!" అని అరిచాడు జంబయ్య.

"వేస్తాం అల్లుడా, తొందరేముంది?" అంది పోలక్క. "రాయి అవతలి ఒడ్డుకి చేరాక తీరిగ్గా వేస్తాం. ఎన్నిక ముగిసేసరికి ఎక్కడుంటే అక్కడే కదా హద్దు!"

పొద్దు వాలకముందే రాయి మడుగు దాటింది. జంబయ్య గుంటలో మూడు పోచలు పడ్డాయి, మిగతావన్నీ వీరన్న గుంటలో. పదిమంది చుట్టాల్లో ఏడుగురు అప్పటికే రాయి నెట్టేవాళ్లలో కలిసిపోయారు.

అందరూ మడుగు దగ్గరికి పరిగెత్తారు. గుర్నాథం వెళ్లలేదు. రంగమ్మ అతని ముందుకొచ్చి నిలబడింది.

"కథలో నా పిల్లల్ని చెప్పలేదు."

"పేర్లు తెలీదు తల్లీ."

"పెట్టేలోపే పోయాయి."

అప్పట్నించీ ప్రతి ఎన్నికకీ నాలుగో కథ చివర గుర్నాథం ఒక వాక్యం కలుపుతాడు: పేరు పెట్టకముందే పోయినవాళ్లు ఇద్దరు. అక్కడికి వచ్చేసరికి ప్రతిసారీ అతని మెడ కాస్త కిందికి వంగుతుంది. కథ చెప్పే పని ఇంకొకరికి ఇస్తానని వీరన్న అన్నా గుర్నాథం ఒప్పుకోలేదు.

నీతి: నిన్ను ఎత్తుగా నిలబెట్టినవాడికి దండం పెట్టే ముందు, కాళ్ల కింద ఏం పెట్టాడో చూసుకో.