మాట వెంట నడిచిన పేరు

పూర్వం, కృతయుగం చివరి పాదంలో, శీతోదా నదీతీరాన కుముద్వతీ నగరాన్ని పాలించిన ఉదగ్రసేన మహారాజు వాగ్దేవిని గూర్చి ఘోరతపస్సు చేసి, సభలో తాను పలికిన ఏ సూక్తీ జనుల నాలుకల మీద నుంచి చెరిగిపోకుండా వరం పొందాడు. ఉదయం ఆయన ఒక మాట అంటే, సాయంత్రానికి చాటింపు డప్పుల వెంట అది పొలిమేర దాటేది. తల్లులు దాన్ని జోలలో కలిపేవారు. ధర్మాధికారులు దానితోనే తీర్పు చెప్పేవారు.

ఒకనాడు మహారాజు దండయాత్రలో ఉండగా రాజ్యంలో కరువు వచ్చింది. రాజముద్ర లేనిదే తెరవకూడని విత్తనపు గాదెలను తమ్ముడు శ్రుతసేనుడు తెరిపించి, ఆకలిగొన్న ప్రజలకు పంచిపెట్టాడు. జయించి వచ్చిన అన్నగారి సింహాసనం ముందు కిరీటం తీసి నిలబడ్డాడు.

“అన్నగారూ, మీ ముద్ర లేకుండా గాదె తెరిచాను. తప్పే. ఏం చేయను, ఆకలి మీ ఏనుగులంత తీరిగ్గా నడిచి రాలేదు!”

ఉదగ్రసేనుడికి నవ్వొచ్చింది. తమ్ముణ్ణి కౌగిలించుకోవాలని లేవబోయాడు కూడా. కాని అప్పటికే సభ మెడలు చాచింది, ఈ రోజు ప్రభువు ఏమంటాడా అని. ఆయన నోట ఒక వాక్యం ఊరింది. ఎంత అందమైన వాక్యం! మింగలేకపోయాడు.

“ఒక తప్పును మన్నించినవాడు, రెండో తప్పుకు తలుపు తీసినవాడు!”

“ఆహా! ఆహా!” అంది సభ. బయట డప్పు మోగింది.

శ్రుతసేనుడు అన్నగారి పాదాలకు నమస్కరించాడు. “మాట బాగా కుదిరింది. ఇంత బాగున్న మాటను ఇక మీరే కాదనలేరు” అని, వెలి తనకు తానే విధించుకొని వెళ్లిపోయాడు.

“ఆగు” అనాలనుకున్నాడు రాజు. అంత చిన్న మాటకు సభ చప్పట్లు కొట్టదు. రేపు కబురు పంపిద్దాంలే అనుకున్నాడు.

మర్నాడు మనసాగక, కిరీటం లేకుండా తానే గుర్రమెక్కి రేవుకు పోయాడు. నది పొంగి ఉంది. భద్రకుడనే పడవవాడు ఒడ్డున తెడ్డు పక్కన పెట్టుకొని కూర్చున్నాడు.

“నిన్న ఇటు ఒక యువరాజు వచ్చాడా?”

“వచ్చాడయ్యా. దాటించమన్నాడు. వెలిపడ్డవాణ్ణి ఎక్కిస్తే నేను తప్పును మన్నించినట్టే కదా, కుదరదన్నాను. ‘నీ ఇరకాటం నాకు తెలుసులే’ అని ఆయన నవ్వి, తనే ఏట్లో దిగాడు. నడి ఏటి దాకా తల కనిపించింది.” భద్రకుడు కళ్లు తుడుచుకున్నాడు. “నాకు మాత్రం ఎక్కించాలనే ఉందయ్యా. ఏం చేసేది? ఒక తప్పును మన్నించినవాడు, రెండో తప్పుకు...”

“చాలు!” అన్నాడు రాజు, గుర్రం జూలు పట్టుకొని.

ఆ రేవులోనే నడుములోతు నీటిలో నిలిచి, నిరాహారుడై తపస్సు చేయగా, హంసవాహనయైన వాగ్దేవి ప్రత్యక్షమైంది.

“తల్లీ, నా తమ్ముణ్ణి ఇవ్వు!”

“ప్రాణం నా అధీనం కాదు, నాయనా.”

“అయితే ఆ మాటనైనా చెరిపెయ్యి.”

“చెరగరాదని కోరింది నువ్వే కదా. మెప్పు కోసం పలికిన మాటకు పలికినవాడే మొదటి బానిస. మరొకటి కోరుకో.”

రాజు చాలాసేపు ఏడ్చాడు. చివరికి చేతులు జోడించాడు. “ఆ మాట ఉండనీ. ఎవరు పలికినా, దాని వెనకే నా తమ్ముడి కథ కూడా నోట రానీ.”

“తథాస్తు” అంది దేవి.

ఉదగ్రసేనుడు చాటింపు డప్పులు మాన్పించాడు. తమ్ముడు తెరిచిన గాదెలను మళ్లీ నింపి, వాటికి ముద్ర అక్కరలేకుండా చేశాడు. వరద కాలం వస్తే రేవుకు వచ్చి తానే ఒక తెడ్డు పట్టేవాడు.

అలాంటి ఒక వరదలో, ఊరు వెలివేసిన ఒకడు ఒడ్డున నిలబడి దాటించమని బతిమాలాడు. భద్రకుడు తల అడ్డంగా ఊపాడు.

“ఒక తప్పును మన్నించినవాడు, రెండో తప్పుకు తలుపు తీసినవాడు... అని చెప్పి తమ్ముణ్ణి ఏటిపాలు చేసుకున్నాడు మా రాజు.”

తన నోట వచ్చిన మాటకు తానే నివ్వెరపోయాడు. వెనక్కి తిరిగి చూస్తే, రాజు తల వంచుకొని అప్పటికే పడవ తాడు విప్పుతున్నాడు.

“ఎక్కవయ్యా, ఎక్కు” అన్నాడు భద్రకుడు.